స్వర్ణముఖి ఒడ్డున కెమెరాతో: ఏరు పోయిన చోట ఏమొచ్చిందో ఫొటోల్లో చూపించడం ఎలా

కెమెరా తీసుకుని మొదటిసారి స్వర్ణముఖిలోకి దిగినప్పుడు రెండు గంటల్లో నూట నలభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో వేసుకుని చూస్తే అన్నీ ఒకటే బాపతు. ప్లాస్టిక్ కవర్లు, నల్లటి మురుగు, తలుపు ఊడిన ఫ్రిజ్. మా బావమరిది పక్కన కూర్చుని చూస్తూ "ఇది ఏ ఊరు బావా?" అనడిగాడు. మన తిరుపతేనని చెబితే నమ్మలేదు. "వేలూరైనా ఇట్లే ఉంటుంది కదా" అన్నాడు.

వాడన్నది నిజమే. చెత్తను ఫొటో తీస్తే చెత్తే కనపడుతుంది. అంతకు ముందు అక్కడ ఏముండేదో, దాని చోటును ఏది ఆక్రమించుకుందో కనపడదు. లేనిదాన్ని కెమెరా చూడలేదు. అందుకని ఫ్రేములో ఎక్కడో ఒక మూల పాతదాని తునక మిగిలి ఉండాలి. దాని పక్కనే కొత్తది ఉండాలి. ఆ రెండిటి మధ్య ఏం జరిగిందో చూసేవాళ్లకు అర్థం కావాలి. తర్వాత మూడేళ్లు ఆ ఒడ్డున తిరిగి నేర్చుకున్నదంతా దీని చుట్టూ తిరిగేదే. చిత్తూరులో ఉండేవాళ్లు స్వర్ణముఖి అన్న చోటల్లా తమ ఊరి నీవా నది అని చదువుకున్నా పని జరుగుతుంది. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, మంచి ఫోన్ చాలు.

1. ముందు ఏరేమిటో తెలుసుకోండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఎండిపోయిన ఏటిని తీసి, "చూడండి, నది చచ్చిపోయింది" అని కింద రాస్తారు. స్వర్ణముఖి వానల మీద బతికే ఏరు. తిరుపతికి పడమటి కొండల్లో పుట్టి, దాదాపు 130 కిలోమీటర్లు పారి, బంగాళాఖాతంలో కలుస్తుంది. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మిగతా కాలమంతా ఏరు పైకి ఎండిపోయి ఉండటం మన తాతల నాడు కూడా ఉన్నదే. కాబట్టి నీళ్లు లేని ఏటి ఫొటో ఒక్కటే దేనికీ సాక్ష్యం కాదు.

మరి ఈ ఏటి ప్రాణం ఎక్కడుంది? ఇసుకలో. పైన ఎండినా లోపల తడి ఉండేది. ఎండాకాలంలో కూడా ఇసుకలో మూరెడు లోతున చెలమ తవ్వితే ఊట ఊరేదని, బిందె నిండేదాకా కూర్చుని తోడుకునేవాళ్లమని తిరుచానూరు వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇసుక పోతే ఆ ఊట పోతుంది. ఊట పోతే చుట్టుపక్కల బావులు ఎండుతాయి, బోర్లు లోతుకు దిగుతాయి. ఇక్కడ పోయినదాన్ని చూపించాలంటే మీరు వెతకాల్సింది ఇసుకను.

శ్రీకాళహస్తి స్థలపురాణంలో ఒక కథ ఉంది. గుడి కట్టేటప్పుడు కూలీలు సాయంత్రం ఏట్లో మునిగి గుప్పెడు ఇసుక తీసుకుంటే, చేసిన కష్టానికి తగినంత బంగారమయ్యేదట. పని ఎగ్గొట్టినవాడికి ఇసుక ఇసుకగానే మిగిలేదట. ఏటికి ఆ పేరు అందుకే వచ్చిందంటారు. ఇప్పుడు ఇసుక నిజంగానే బంగారం, కాకపోతే ట్రాక్టర్ లెక్కన. నా వరసలో మొదటి ఫొటోకు ఈ కథే దారి చూపించింది. గుడి గోపురం దూరంగా, ముందు ట్రాక్టర్ టైర్ల జాడలు. మీ ఊరి ఏటికీ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

ఏరంతా తీయాలని పెట్టుకోకండి. మూడు నాలుగు కిలోమీటర్ల ముక్క ఎంచుకోండి. తిరుపతి వాళ్లకు నేను చెప్పేది ఇది. చంద్రగిరి దారిలో తొండవాడ దగ్గర, అగస్త్యేశ్వరుడి గుడి ఉన్న చోట, భీమా, కల్యాణి అనే ఏర్లు స్వర్ణముఖిలో కలుస్తాయి. ఏరు ఎలా ఉండేదో కొంతైనా ఊహించుకోవడానికి ముందు అక్కడికి ఒకసారి వెళ్లి చూడండి. తర్వాత అసలు పని తిరుచానూరు నుంచి గాజులమండ్యం దాకా పెట్టుకోండి. ఊరు, కాలనీలు, పొలాలు, పారిశ్రామికవాడ, విమానాశ్రయం అన్నీ ఆ కొద్ది దూరంలోనే ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి.

2. కెమెరా ముట్టుకోకముందు చేసే వెతుకులాట

ఒక వారం దీనికే పోతుంది. పోనివ్వండి.

కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత చిత్రాలు చూపించే గడియారం బొమ్మ నొక్కండి. ఒకే చోటును ఏడాది తర్వాత ఏడాది వెనక్కి తిప్పి చూడొచ్చు. ఏ సంవత్సరంలో పొలం లేఅవుట్ అయిందో, ఏ సంవత్సరంలో ఏటి మధ్య గుంతలు మొదలయ్యాయో తేలిపోతుంది. ఇంకా వెనక్కి పోవాలంటే 1972 నుంచి తీస్తున్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఇళ్లు కనపడవు కానీ ఏటి వెడల్పు, చెరువుల ఆకారం తెలుస్తాయి. ఇస్రో వాళ్ల పటాల వెబ్‌సైట్ భువన్ కూడా చూడండి.

మీభూమి వెబ్‌సైట్‌లో గ్రామ పటం, అడంగల్ తీసుకుంటే ఏ సర్వే నంబరు వాగు పోరంబోకో, ఏది చెరువు పోరంబోకో కనపడుతుంది. తిరుపతి జిల్లా వేరుపడింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు కాగితాలన్నీ చిత్తూరు జిల్లా పేరు మీదే ఉంటాయి, వెతికేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి. పెద్ద పరిశ్రమలు పర్యావరణ అనుమతి కోసం పెట్టుకున్న నివేదికలు కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో ఉంటాయి. మామూలుగా వాటిలో చుట్టూ పది కిలోమీటర్ల మేర నేల ఎలా వాడుకలో ఉందో పటం వేస్తారు. ఆ పటం పట్టుకుని అదే చోట నిలబడటం నాకు భలే సరదాగా ఉంటుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం ఊళ్ల పేర్లు. రేణిగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట, తాతయ్యగుంట. తిరుపతి చుట్టూ గుంట లేని పేరు వెతుక్కోవాల్సిందే. ఆ పేర్లు పెట్టినవాళ్ల కళ్ల ముందు నీళ్లు ఉన్నాయి. ఇప్పుడు ఆ పేరు రాసి ఉన్న బస్సు బోర్డునో, ఆటో స్టాండునో, సిమెంట్ కొట్టునో తీసి చూడండి. బోర్డు మీద గుంట ఉంటుంది, బోర్డు కింద కాంక్రీటు ఉంటుంది. ఇంత చవకగా ఇంత చెప్పే ఫొటో మరొకటి దొరకదు. పేరు తునక, కాంక్రీటు కొత్తది. పైన చెప్పిన మాటకు ఇంతకంటే తేలిక ఉదాహరణ లేదు.

పాత ఫొటోల కోసం ఆఫీసుల చుట్టూ తిరక్కండి. పెళ్లి ఆల్బమ్‌లు అడగండి. మన వైపు పెళ్లికూతురిని ఏటి ఒడ్డునో, చెరువు కట్ట మీదో నిలబెట్టి ఫొటో తీసే అలవాటు చాలాకాలం ఉండింది. పెళ్లికూతురి వెనక ఏముందో చూడండి. మా పిన్నమ్మ ఆల్బమ్‌లో, 1984 నాటి ఫొటోలో, ఆమె జడ వెనక తెల్లటి ఇసుక తిన్నె, దాని వెనక కానుగ చెట్ల వరస ఉన్నాయి. ఆ ఒక్క ఫొటో పట్టుకుని నేను ఏడాది తిరిగాను.

3. నిలబడే చోటు ఖాయం చేసుకోండి

మార్పు కనపడాలంటే అదే చోట, అదే వైపు తిరిగి, మళ్లీ మళ్లీ తీయాలి. అమెరికాలో 1977 నుంచి 1979 దాకా ఫొటోగ్రాఫర్ మార్క్ క్లెట్, ఆయన తోటివాళ్లు ఈ పనే పెద్ద ఎత్తున చేశారు. వందేళ్ల కిందట సర్వే ఫొటోగ్రాఫర్లు నిలబడిన చోట్లను వెతికి పట్టుకుని, అక్కడి నుంచే తిరిగి తీశారు. మనకు అంత పాత ఫొటోలు దొరక్కపోవచ్చు. ఈ రోజు మొదలుపెడితే పదేళ్ల తర్వాత మన ఫొటోలే పాత ఫొటోలు.

చోటు గుర్తు ఎలా పెట్టుకోవాలి? నేను మొదట్లో ఒక కానుగ చెట్టును గుర్తు పెట్టుకున్నాను. చెట్టు మొదలుకు ఆనుకుని నిలబడి ఉత్తరం వైపు తీసేవాణ్ణి. మూడోసారి వెళ్లేసరికి చెట్టు లేదు. నా గుర్తే మాయమైపోయింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెట్టు నరికిన మొద్దు మీద కూర్చుని ఆ మొద్దునే ఫొటో తీసి ఇంటికొచ్చాను. అప్పటి నుంచి వంతెన స్తంభం, కల్వర్టు గోడ, చెరువు తూము, గుడి మెట్టు లాంటివి మాత్రమే గుర్తు పెట్టుకుంటున్నాను. కరెంటు స్తంభాన్ని కూడా నమ్మకండి, రోడ్డు వెడల్పు చేస్తే అది జరుగుతుంది.

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీయడం మంచిదే, కానీ అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. గట్టి పద్ధతి వేరే ఉంది. ఫ్రేములో దగ్గర వస్తువు ఒకటి, దూరపు వస్తువు ఒకటి తీసుకోండి. ఉదాహరణకు వంతెన స్తంభం అంచు, తిరుమల కొండ మీద ఒక గుర్తుపట్టగల మడత. మీరు నిలబడిన చోట అవి రెండూ సరిగ్గా ఒక గీత మీదికి వస్తాయి. ఒక అడుగు ఎడమకు జరిగితే తప్పిపోతాయి. ఇలాంటి జతలు ఫ్రేములో ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి రాసి పెట్టుకుంటే, ఐదేళ్ల తర్వాత వచ్చినా అదే చోటు దొరుకుతుంది. వెళ్లేటప్పుడు పాత ఫొటో ప్రింటు చేతిలో ఉండాలి. ఎండలో ఫోన్ తెర మీద చూసి జతలు కలపడం కళ్లకు శిక్ష.

ఒకటి గుర్తుంచుకోండి. లెన్స్ మార్చినా వస్తువుల మధ్య వరస మారదు, మీరు జరిగితేనే మారుతుంది. పాత ఫొటో ఏ లెన్స్‌తో తీశారో తెలియదని కంగారు పడక్కర్లేదు. చోటు సరిగ్గా పట్టుకుని కాస్త వెడల్పుగా తీసి, తర్వాత కత్తిరించుకోండి.

ఎనిమిది లేక పది చోట్లు చాలు. అంతకు మించితే రెండో ఏడాదికి ఓపిక అయిపోతుంది.

4. ఎప్పుడు వెళ్లాలి

ఏడాదికి నాలుగుసార్లు: నవంబర్ లేక డిసెంబర్‌లో ఏరు పారేటప్పుడు, ఫిబ్రవరిలో నీళ్లు తగ్గి మురుగు కాలువలు మాత్రమే మిగిలినప్పుడు, మే నెల ఎండలో, ఆగస్టులో పిచ్చి మొక్కలు లేచినప్పుడు. ఫిబ్రవరి ఫొటోలే ఎక్కువ పనికొస్తాయి. వాన నీళ్లు పోయాక కూడా ఏట్లో పారుతున్నవి ఎక్కడివో అప్పుడు దాచినా దాగవు. ఏ గొట్టం నుంచి ఏ రంగు వస్తోందో కనపడుతుంది.

వెలుతురు విషయానికి వస్తే, మన తిరుపతికి ఒక సౌకర్యం ఉంది. ఏరు ఊరికి దక్షిణంగా పారుతుంది, శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి. ఏటికి దక్షిణపు ఒడ్డున నిలబడి ఉత్తరం వైపు చూస్తే ముందు ఇసుక, మధ్యలో ఊరు, వెనక కొండ. మూడు పొరలూ ఒకే ఫ్రేములో పడతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి మీ వీపు వెనక నుంచి వెలుతురు పడి అన్నీ స్పష్టంగా కనపడతాయి. మనం దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. అందుకే ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి పోతాడు. ఆ నెలల్లో ఉత్తరం వైపు మధ్యాహ్నం తీస్తే గోడలన్నీ నీడలోకి పోయి మసిబారినట్టు వస్తాయి. పొద్దున్నే ఏడు లోపల వెళ్లండి.

సూర్యోదయం, సూర్యాస్తమయం రంగులు నాకు ఈ పనికి నచ్చవు. బంగారు వెలుగులో మురుగు కాలువ కూడా క్యాలెండర్ బొమ్మలా ఉంటుంది. జర్మనీకి చెందిన ఫొటోగ్రాఫర్లు బెర్న్డ్, హిల్లా బెషర్ దంపతులు ఏళ్ల తరబడి నీళ్ల ట్యాంకులు, కొలుములు, గనుల నిర్మాణాలు తీశారు. ఎప్పుడూ మబ్బు పట్టిన ఆకాశమే, ఎప్పుడూ ఎదురుగా నిలబడే. నీడలు లేకపోవడంతో కళ్లు వస్తువు ఆకారం మీదే నిలుస్తాయి. 1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో, మనిషి మార్చిన నేలను చూపించే ఒక ప్రదర్శన జరిగింది. పది మంది ఫొటోగ్రాఫర్లలో ఈ దంపతులూ ఉన్నారు. మిగతావాళ్లు గోదాములు, కొత్త కాలనీలు, పార్కింగ్ స్థలాలు తీశారు. కొండల అందం చూపించే ఫొటోలకు అలవాటు పడ్డ జనం వాటిని చూసి ఇందులో ఏముందన్నారు. ఆ "ఏముంది" అన్న ప్రశ్నే వాటి బలం. మనకు మబ్బు కావాలంటే వాన నెలలు ఎలాగూ ఉన్నాయి.

5. సామాను, సెట్టింగులు (ఇది చిన్నదే)

కెమెరా అయితే 35 లేక 50 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/8, ఐఎస్‌ఓ 100 నుంచి 400, రా ఫార్మాట్. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకండి, ఎండ లేక మబ్బు అని ఖాయం చేయండి. లేకపోతే ఒకే నీటి రంగు నాలుగు ఫొటోల్లో నాలుగు రకాలుగా వచ్చి, ఏది నిజమో మీకే తెలియకుండా పోతుంది. ఫోన్ అయితే 1x అని చూపించే మామూలు లెన్సే వాడండి. బాగా వెడల్పు చూపించే లెన్స్ అంచుల్లో గోడల్ని వంచేస్తుంది, చిన్న కాలువను నదంత చేస్తుంది. గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుని ఫోన్ నిటారుగా పట్టుకోండి.

పోలరైజర్ ఫిల్టర్ కొనదగ్గదే. నీటి మీద మెరుపును తగ్గించి లోపలిది చూపిస్తుంది. నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో చూస్తే దాని ప్రభావం ఎక్కువ. అయితే ఒక్కోసారి మెరుపే కావాలి. నూనె తెట్టు రంగులు దానితోనే కనపడతాయి. అందుకని ఫిల్టర్ పెట్టి ఒకటి, తీసేసి ఒకటి తీయండి.

నీటిని పాలనురగలా చేసే స్లో షట్టర్ మాత్రం వద్దు. ఫ్యాక్టరీ నురుగు అందులో కోనలోని సెలయేరులా కనపడుతుంది. షట్టర్ వేగం 1/250 సెకను పెట్టి తీయండి, బుడగ బుడగలా కనపడనివ్వండి.

6. ఫ్రేము కట్టడం

అసలు పని ఇది, ఇక్కడ కాస్త ఆగుదాం.

మొట్టమొదట గీత కోసం వెతకండి. ప్రతి ఒడ్డునా పాతది ఆగి కొత్తది మొదలయ్యే గీత ఒకటి ఉంటుంది. కాంపౌండ్ గోడ, ముళ్లకంచె, రివెట్‌మెంట్ రాళ్లు, లేఅవుట్ హద్దు రాళ్లు. గోడకు ఎదురుగా నిలబడి తీస్తే గోడే వస్తుంది. గోడ వెంబడి, గోడ కొన దగ్గర నిలబడండి. ఒక పక్క జమ్ము, కొంగలు, బురద. ఇంకో పక్క షెడ్డు, లారీలు, చదును చేసిన ఎర్రమట్టి. గోడ ఫ్రేమును రెండుగా కోస్తుంది. ఈ పద్ధతిలో చెడగొట్టడం కష్టం, కాబట్టి కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టండి.

రెండోది పొరలు. వంతెన మీద నుంచి 135 లేక 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో దూరాన్ని తీస్తే ఇసుక, బోరు, అపార్ట్‌మెంటు, పొగ గొట్టం, కొండ అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరగా వస్తాయి. కంటికి చాలా గట్టిగా తగులుతుంది. అందుకే దీన్ని అతిగా వాడకండి. కిలోమీటరు దూరంలో ఉన్న గొట్టం ఏటి మధ్య మొలిచినట్టు కనపడితే అది అబద్ధం చెప్పినట్టే. ఇలాంటివి వరసలో ఒకటి రెండు చాలు, లెన్స్ ఏదో కింద రాయండి.

మూడోది తునక. మోట బావి గిలక రాళ్లు, కపిల తోలిన బాట, పూడిపోయిన తూము, చీరలు ఉతికే బండ, ఎవరూ దిగని మెట్లు. అవి ఒకప్పటి వాడుకకు సాక్షులు. దగ్గరగా వెళ్లి తునకను పెద్దగా, కొత్తదాన్ని వెనక చిన్నగా పెట్టండి. నా దగ్గర ఒక ఫొటో ఉంది. ముందు రేవు మెట్లు, చివరి మెట్టు కింద మనిషి ఎత్తు గాలి. ఏటి అడుగు అంత కిందికి దిగిపోయింది. ఆ ఫొటోలో యంత్రం లేదు, లారీ లేదు. కానీ ఇసుక ఎంత పోయిందో ఆ గాలే చెబుతుంది. కొలత తెలియడానికి మెట్టు మీద నా సైకిల్ ఆనించి పెట్టాను.

నాలుగోది, జనం దాన్ని దేనితో భర్తీ చేసుకున్నారో చూడటం. చెలమ ఉన్న చోట ఇప్పుడు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు అమ్ముతున్నారు. ఏటికి వంద గజాల దూరంలో నీళ్లు కొనుక్కుంటున్న మనిషి! కానుగ నీడ పోయిన చోట ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టారు. ఇసుక తిన్నె పోయిన చోట ఎం-శాండ్ గుట్ట, అంటే రాళ్లు పిండి చేసి తీసిన ఇసుక. ఇవి ఎవరూ ఫొటో తీయని సంగతులు.

ఐదోది జాబితా పద్ధతి. ఒకే రకం వస్తువును ఒకే దూరం నుంచి, ఒకే ఎత్తు నుంచి పదిహేను ఇరవై తీసి పక్కపక్కన పేర్చండి. ఏట్లోకి తెరుచుకున్న గొట్టాలు, బోరు పెట్టెలు, గేట్లు, గుంట పేరున్న బోర్డులు. ఒక్కోటిగా చూస్తే ఏమీ ఉండదు. ఇరవై కలిస్తే ఊరి ముఖం కనపడుతుంది.

ఇంకో మాట. పరిశ్రమ అంటే ఎప్పుడూ కొత్తదే అనుకోకండి. గాజులమండ్యంలో శ్రీవేంకటేశ్వర సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. చుట్టుపక్కల చెరకు తోటల వల్లే అది బతికింది, తోటలు బతకాలంటే భూమిలో నీళ్లుండాలి. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీదీ ఇంచుమించు అదే కథ. ఏటి మీద ఆధారపడ్డ పరిశ్రమ పోయి, ఏటితో సంబంధమే అక్కర్లేని పరిశ్రమ వస్తోంది. రేణిగుంట, ఏర్పేడు వైపు సెల్‌ఫోన్లు, టీవీలు తయారయ్యే ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు అలాంటివే. అక్కడ పనిచేస్తున్న ఆడపిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు చెరకు కొట్టినవాళ్లే. షిఫ్ట్ బస్సు దిగి పొలం గట్టు మీద ఇంటికి నడిచిపోయే పిల్లను చూస్తే నా కోపం సగం చల్లారుతుంది. మీ వరసలో ఆ సగానికీ చోటివ్వండి. లేకపోతే అది తిట్టు అవుతుంది కానీ ఫొటో కాదు.

7. మనుషులు, వాచ్‌మన్‌లు, చట్టం

కెమెరా చూడగానే ఎవరో ఒకరు వస్తారు. "ఏం స్వామీ, దేనికి తీస్తా ఉండారు?" అని అడుగుతారు. ఇసుక దగ్గరైతే గొంతు వేరేగా ఉంటుంది. నేను ఎప్పుడూ పెళ్లి ఆల్బమ్‌లోని ఆ పాత ఫొటో ప్రింటు చూపిస్తాను. "ఈ చోటు ఎక్కడన్నా, తెలుసా?" అంటాను. పదింటిలో ఎనిమిది సార్లు అనుమానం పోయి మాటలు మొదలవుతాయి. మిగిలిన రెండు సార్లు మర్యాదగా వెనక్కి వచ్చేయండి. ఒకసారి ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు నా కార్డులోని ఫొటోలన్నీ తుడిచేయమన్నారు. నేను నిలబడింది పబ్లిక్ రోడ్డు మీద. వాదించలేదు, తుడిచేశాను. ఇంటికొచ్చి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి తెచ్చుకున్నాను. కార్డు మీద కొత్త ఫొటో తీయకుండా వస్తేనే అది సాధ్యమని గుర్తుంచుకోండి.

రోడ్డు మీద నుంచి బయటకు కనపడేదాన్ని తీయడం వేరు, లోపలికి జొరబడటం వేరు. ఫొటోలు నిషేధమని బోర్డు ఉన్న చోట తీయొద్దు. ఏట్లో స్నానం చేసేవాళ్లను, బట్టలుతికే ఆడవాళ్లను అడగకుండా తీయొద్దు. ఇసుక కూలీల ముఖాలు కనపడకుండా చూడండి. దొరికిపోయేది వాళ్లే, ట్రాక్టర్ ఓనర్ కాదు.

డ్రోన్ ఆశ వదులుకోండి. గాజులమండ్యం ముక్క రేణిగుంట విమానాశ్రయానికి ఆనుకునే ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం చుట్టూ కట్టడి ఉంటుంది. ఎక్కడ ఎగరేయొచ్చో డిజిటల్ స్కై పటంలో ముందు చూసుకోవాలి. నాకైతే వంతెనలు, మేడ మీద వాటర్ ట్యాంకులు సరిపోయాయి. మేడ యజమానిని అడిగితే టీ కూడా ఇస్తారు.

8. ప్రాణం మీదికి తెచ్చుకోకండి

ఇసుక తవ్విన గుంతలు నీళ్లు నిండితే పైకి తెలియవు. మోకాళ్ల లోతని దిగితే మనిషి మునుగుతాడు. వాన నెలల్లో ఏట్లోకి అసలు దిగొద్దు, వంతెన మీద నుంచే తీయండి. 2021 నవంబర్ వరదకు తిరుచానూరు దగ్గర ఒడ్డున ఉన్న ఇల్లు చూస్తుండగానే ఏట్లోకి కూలిపోయింది. ఒడ్డు అంచున ట్రైపాడ్ పెట్టేముందు ఆ సంగతి గుర్తు తెచ్చుకోండి. కాళ్లకు బూట్లు, జమ్ములోకి వెళ్లేముందు చేతిలో కర్ర. ఒంటరిగా పోవద్దు.

9. ఎంచడం, రాయడం

ఇంటికొచ్చాక ఫొటోల రంగు పెంచాలనిపిస్తుంది. నీళ్లను ఇంకాస్త నల్లగా, ఆకాశాన్ని ఇంకాస్త దిగులుగా చేయాలనిపిస్తుంది. చేయొద్దు. ఎవరైనా ఒక్కరు "ఇది ఎడిట్ చేసింది" అని చూపించగలిగితే మిగతా ఫొటోలన్నీ పోయినట్టే. వెలుతురు సరిచేయండి, వాలిన గీతలు నిటారు చేయండి, అంతటితో ఆపండి. అసలు ఫైళ్లు రెండు చోట్ల దాచండి.

వరసలో ఇరవై ఫొటోలు మించొద్దు. చూడగానే ఏ ఊరైనా కావచ్చు అనిపించేదాన్ని తీసేయండి, ఎంత బాగున్నా సరే. నా తలుపు ఊడిన ఫ్రిజ్ అలాగే పోయింది. మనసు ఒప్పుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

ప్రతి ఫొటో కింద చోటు, తేదీ, సమయం, ఏ దిక్కు చూస్తున్నామో రాయండి. తర్వాత ముందున్నదేమిటి, ఇంతకు ముందు అక్కడేముండేది, ఆ మాట ఎవరు చెప్పారు. "తిరుచానూరు వంతెన దక్షిణపు కొస నుంచి, ఉత్తరం వైపు. ఫిబ్రవరి 9, ఉదయం 7:10. ముందున్న గుంత లోతు రెండు నిలువులు. ఇక్కడ రేవు ఉండేదని పక్కింటి అవ్వ చెప్పింది." ఇంతే. ఘోరం, విషాదం లాంటి మాటలు వద్దు. మీరు కొలవనిది, మీకు ఎవరూ చెప్పనిది రాయొద్దు. ఫలానా రంగు నీళ్లు ఫలానా ఫ్యాక్టరీవేనని పరీక్ష లేకుండా రాస్తే మీ మీద కేసు పడుతుంది. గొట్టం ఏట్లోకి తెరుచుకుని ఉందని రాస్తే ఎవరూ ఏమీ అనలేరు. నీటి నాణ్యత వివరాలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

10. చూపించడం

ఫోన్లలో పెట్టిన ఫొటోలు ఒక్క రోజు బతుకుతాయి. పన్నెండు ప్రింట్లు వేయించండి, ఎనిమిదికి పన్నెండు అంగుళాలు చాలు. వాటిని తీసిన చోటికే పట్టుకెళ్లండి. నేను ఏటి గట్టు దగ్గర టీ కొట్టులో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించాను. కొట్టు అన్న నవ్వాడు, కానీ మూడు రోజులు ఉంచనిచ్చాడు.

రెండో రోజు ఒక పెద్దాయన మా పిన్నమ్మ పెళ్లి ఫొటో, దాని పక్కన నేను తీసిన కొత్త ఫొటో చాలాసేపు చూశాడు. తర్వాత వేలు పెట్టి కొత్త ఫొటో అంచు బయట, తాడు మీద, ఉత్తి గాలిలో చూపించాడు. "చెలమ ఈడ కాదబ్బయ్యా, ఈడ ఉండింది. నువ్వు తెగ్గోసేసినావు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆయన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను. ఇరవై అడుగులు ఎడమకు జరిపి నిలబెట్టాడు. ఇప్పుడు నా చోట్ల పట్టీలో అది పదకొండోది.